తడవని పొడి

భుజానికున్న సంచి దించకుండానే పొడమ్మ కిటికీ దగ్గరకు వెళుతుంది. కిటికీ గట్టుమీద, గాజు మూతకింద, చొక్కా గుండీ అంత తెల్లటి బిళ్ళ ఒకటి ఉంటుంది. మూత తీసి డ్రాపర్‌తో దానిమీద ఒక్క నీటిచుక్క వేస్తుంది. చుక్క పరుచుకోదు, ఇంకదు. గుండ్రంగా నిలబడి, బయటి సైకిల్ స్టాండును తలకిందులుగా తనలో చూపిస్తుంది. "బాగున్నావా?" అంటుంది పొడమ్మ. బిళ్ళను కాస్త వంచగానే చుక్క దొర్లిపోతుంది. వేలితో బిళ్ళను తడిమి, పొడిగానే ఉందని చూసుకుని, అప్పుడు సంచి దించి, అప్పుడు కాఫీకి నీళ్ళు పెట్టుకుంటుంది. ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళు మొదటివారం ఆమెకు కొంచెం తిక్క ఉందనుకుంటారు. నెల తిరిగేసరికి, ఆమె సెలవు పెట్టిన రోజున, బిళ్ళను వాళ్ళే పలకరిస్తారు.

పొడమ్మ అనేది బావ పెట్టిన పేరు. అక్క పెళ్ళయిన కొత్తలో ఆమె ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా మణికట్టు దగ్గరో చెవి వెనకో తెల్లటి పొడి అంటుకుని ఉండేది. "తలుపు మెల్లగా తియ్యండి, గాలికి మా మరదలు రాలిపోతుంది" అనేవాడాయన. ఆ పేరు ఇంట్లోంచి ప్రయోగశాలకు ఎలా పాకిందో తెలియదు. అసలు పేరు జీతం ఇచ్చే గదిలో వాళ్ళకు మాత్రమే గుర్తుంది.

ఆమె చేసే పని చెప్పడం తేలికే, చెయ్యడం కష్టం. కంటికి ఆనని గూళ్ళు కట్టడం. జింకు లాంటి లోహపు అయాన్లు ఆ గూళ్ళకు మూలల్లో ముడులు. కర్బనంతో తయారైన పొడుగాటి అణువులు ముడికీ ముడికీ మధ్య బద్దలు. రెండింటినీ ద్రావకంలో కలిపి, సీసాకు మూత బిగించి వేడి చేస్తే, వాటంతట అవే అల్లుకుని గదులు గదులుగా లేస్తాయి. చూడటానికి చిటికెడు పొడి. లోపల మాత్రం ఊరంత చోటు. ఆ గదుల్లోని ద్రావకాన్ని ఓవెన్లో ఎండబెట్టి వెళ్ళగొడితే ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి గాలిలోని ఆవిర్లను పట్టి పెట్టుకోవచ్చు. బావకు ఇదంతా విడమరచి చెప్పిన రోజునుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆయనది ఒకటే మాట. "మా మరదలు ఖాళీ తయారుచేస్తుందండీ. దానికి జీతం కూడా ఇస్తున్నారు."

ఈ గూళ్ళతో చిక్కల్లా నీళ్ళతోనే. అడగకుండానే గాలిలోని తేమ లోపలికి చొరబడి గదులన్నీ ఆక్రమిస్తుంది. అంతటితో ఆగితే సరే. ముడులు కూడా విప్పేస్తుంది. ఇల్లు అద్దెకిచ్చేలోపే చుట్టాలు దిగబడి, పోతూపోతూ దూలాలు పీక్కుపోయినట్టు. నీళ్ళను గుమ్మం దగ్గరే ఆపి, మిగతా ఆవిర్లను మాత్రం రానిచ్చే పొడి కోసం పొడమ్మ ఏళ్ళ తరబడి పాటుపడింది. బద్దలుగా వేసే అణువుకు నీళ్ళు గిట్టని చిన్న తోకలు తగిలించింది. చదువుకున్నవాళ్ళు ఆ అణువుకు బారెడు పేరు పెట్టారు. ఆమె మాత్రం దాన్ని తోకగాడనే పిలిచేది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "ముందు వాడు ఒక దారిన పడనీ" అనేది.

ఇంత పట్టుదలకు కారణం అక్క.

అక్క కుర్చీలకూ బీరువాలకూ పాలిష్ పెడుతుంది. ఇంటి కిందే సగం భూమిలోకి దిగిన గదిలో ఆమె షాపు. పక్కనే కాలువ, గోడలకు ఎప్పుడూ చెమ్మ. కిటికీలు తెరవడానికి లేదు. తడి పాలిష్ మీద దుమ్ము పడితే గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి. మూసుకుంటే పాలిష్‌ను పలచన చేసే థిన్నర్ ఆవిరి గదిలోనే తిరుగుతుంది. మూతికి మాస్కు కడితే ఊపిరికి కళ్ళద్దాలు మబ్బుపట్టి మెరుపు ఎక్కడ తగ్గిందో కనబడదు. ఆ చేతిలో పడిన కుర్చీ మాత్రం, పాతికేళ్ళు అటకమీద పడున్నదైనా సరే, కూర్చోవడానికి మనసొప్పనంత నునుపుగా తేలేది. ముక్కు ఏనాడో వాసనలు మరిచింది. ఆపై దగ్గు పట్టుకుంది. బావ ఫ్యాన్లు బాగుచేసే మనిషి కాబట్టి, ఒక పెట్టెలో ఫ్యాను బిగించి, ఆవిరిని పీల్చేందుకు బొగ్గు నింపి పెట్టాడు. ఎండాకాలమంతా అది బాగానే పనిచేసింది. వానలు మొదలయ్యాక బొగ్గు తేమతో నిండిపోయి చేతులెత్తేసింది. డాక్టరు ఛాతీకి గొట్టం ఆనించి విని, "గదిలో గాలైనా మారాలి, మీ పనైనా మారాలి. వచ్చే వానలకూ ఇలాగే ఉంటే షాపు మూసెయ్యండి" అన్నాడు.

"మూసేసి ఏం చెయ్యను? నీలాగా ఖాళీ తయారుచెయ్యనా?" అంది అక్క ఇంటికొచ్చాక, చెల్లెలివైపు చూడకుండా.

ఆ ఏడు చెల్లెలికి తిండీ నిద్రా అన్నీ తోకగాడే అయ్యాడు. చివరికి ఒకరోజు ఓవెన్లోంచి తీసిన పొడిమీద నీటిచుక్క నిలబడింది. దాన్ని నీళ్ళలో వేస్తే పైన తేలింది. నీళ్ళపైన ఉండిపోయింది తప్ప తడవలేదు. థిన్నర్ ఆవిరిని మాత్రం ఆవురావురుమంటూ మింగింది. మొదటి చెంచాడు పొడిని బిళ్ళగా నొక్కి కిటికీలో పెట్టుకుంది. కిటికీలోని బిళ్ళ అదే. ఆ తరువాత చేసినదంతా బావ పెట్టెకే పోయింది. గింజలుగా చేసి, రెండు జల్లెళ్ళ మధ్య పరిచి బిగించారు.

ఆ ఏడు వానలొచ్చాయి, వెళ్ళాయి. అక్క తన జన్మలో చెల్లెల్ని మెచ్చుకున్న మనిషి కాదు. ఒకరోజు మెట్లమీద కూర్చుని, గోళ్ళ సందుల్లో పాలిష్ గీక్కుంటూ, "వాన వచ్చింది గానీ దగ్గు రాలేదే" అంది. పొడమ్మకు అది చాలు.

కాకపోతే పెట్టెలో పొడి కలకాలం ఉండేది కాదు. ఆవిరితో, దుమ్ముతో నిండిపోతుంది. మళ్ళీ వానలు వచ్చేలోపు కొత్త పొడి పోయాలి. చలికాలం చివర్లో పొడమ్మ పని మొదలుపెట్టింది. అదే జింకు, అదే ద్రావకం, అదే తోకగాడు. ఎండబెట్టి తీసి, నవ్వుకుంటూ చుక్క వేసింది. చుక్క క్షణంపాటు నిలబడి, ఆనక ఇసుకలో పోసినట్టు లోపలికి పోయింది.

చెయ్యి తప్పిందనుకుంది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఇంకింది. జింకు సీసా మార్చింది. ద్రావకం కొత్తది తెప్పించింది. నీళ్ళను రెండుసార్లు మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టింది. తోకగాడినే మొదటినుంచీ మళ్ళీ తయారుచేసింది. ఏం మార్చినా పొడి మాత్రం దాహంతో ఉన్న మనిషిలా తాగుతూనే ఉంది. కిటికీలో పాత బిళ్ళమీద చుక్క నిలబడుతూనే ఉంది. ఆ రోజుల్లో ఆమె దాన్ని "బాగున్నావా" అని అడగడం మానేసి, "ఎలాగే?" అని అడిగేది.

పక్క బల్లమీద పనిచేసే పొడుగాటి మనిషిని అందరూ నిచ్చెన అంటారు. అతనికి ఈ పొడి మొదట్నుంచీ కుదరలేదు. పొడమ్మ చెప్పింది చెప్పినట్టు చేసినా అతని చేతిలో ఎప్పుడూ తడిసేది.

"నేను అప్పుడే అన్నాను, ఇది కెమిస్ట్రీ కాదు, మీ హస్తవాసి అని" అన్నాడు నిచ్చెన. "ఇప్పుడు మీ హస్తవాసి కూడా నా దాంట్లో కలిసింది. రండి, ఇద్దరం కలిసి టీ కొట్టు పెట్టుకుందాం. నీళ్ళు తాగే పొడి దానికైతే పనికొస్తుంది."

"మీ నోటివాసి ముందు నా హస్తవాసి ఎంతలెండి" అంది పొడమ్మ.

నవ్వింది గానీ, లోపల నీరుగారిపోయింది. చివరికి ఎంతవరకు వచ్చిందంటే, పొడి కుదిరిన రోజుల్లో వేసుకున్న పాత గోధుమరంగు కోటు బీరువా అడుగునుంచి తీసి వేసుకుంది. మోచేతి దగ్గర చిరుగు ఉంది. నిచ్చెన చూశాడు. తన సీసాలవైపు తిరిగిపోయాడు. కోటు వేసుకుని చేసిన పొడి కూడా తడిసింది.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది. కింద షాపులో ఒక పాత ఊగుడు కుర్చీ తలకిందులుగా ఉంది. అక్క దానికింద దూరి కాళ్ళకు పాలిష్ పెడుతోంది. మధ్యమధ్య ఆగి దగ్గుతోంది. చెల్లెలి అడుగుల చప్పుడు విని దగ్గును మింగింది.

"ఎప్పుడు పోస్తావే కొత్త పొడి? మీ బావ పెట్టె తుడిచి, పెళ్ళివారికోసం చూసినట్టు చూస్తున్నాడు" అంది కుర్చీ కిందనుంచే.

పొడమ్మ నీళ్ళు నమిలింది. "చేస్తున్నానక్కా."

"చేస్తున్నావంటే అవడంలేదన్నమాట."

"అవుతుంది."

అక్క కుర్చీ కిందనుంచి బయటకు వచ్చింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "చూడు, కాకపోతే కాలేదని చెప్పు. బావతో చెప్పి షాపు ఎవరికైనా ఇచ్చేస్తాం. నా చేతిలో ఇంకా నాలుగు కుర్చీలున్నాయి. అవి పూర్తిచేసి ఆపేస్తా. అంతేగానీ నువ్వు ఇలా పీక్కుపోయి తిరక్కు. నాకు దగ్గొక్కటే ఉంది, నీకు చూస్తే అన్నీ ఉన్నట్టున్నాయి."

మాట సరదాగానే ఉంది. కానీ మాట్లాడుతున్నంతసేపూ అక్క చెయ్యి ఊగుడు కుర్చీ చేతిమీదే ఉంది, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు. పొడమ్మ అది చూసి, ఏదో వంక పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

వంటగదిలో బావ గిన్నెలు తోముతున్నాడు. అక్క పొద్దున్నే బిస్కట్లు చేసింది. వాసన తెలియకపోయినా చేతికి కొలత తెలుసు కాబట్టి అవి ఎప్పుడూ మాడవు. బావ ఓవెన్ పళ్ళాన్ని కుళాయికింద పట్టుకుని దానితో గొడవ పడుతున్నాడు.

"చూడు మరదలా, ఈ పళ్ళెం స్నానం చెయ్యనంటోంది. నీళ్ళు పోస్తే ఒంటికి అంటనివ్వదు. ఇంట్లో మీ అక్కకు తోడు ఇదొకటి."

పొడమ్మ చూసింది. ఇనప పళ్ళెంమీద నీళ్ళు పూసలు పూసలుగా దొర్లుతున్నాయి. తామరాకుమీద నీటిబొట్టు అని అందరూ అంటారు గానీ, అవి అంతకంటే తొందరలో ఉన్నాయి.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచో. పక్కనున్న అట్లపెనం బాగానే తడుస్తుంది, దీనికే ఈ టెక్కు."

ఆ పళ్ళెం ఎప్పుడూ ఓవెన్లోనే ఉంటుంది. దానిమీద అక్క బిస్కట్లు అంటుకోకుండా పరిచే ఎర్రటి సిలికాన్ రబ్బరు చాప. ఆ చాప ఒకవైపు కత్తిరించి ఉంది. కత్తిరించింది పొడమ్మే. పొడి కుదరడానికి కొద్దిరోజుల ముందే, ప్రయోగశాలలో పాత ఓవెన్ అర వంగిపోయి గిన్నెలు ఒకవైపుకు జారుతుంటే, అక్కను అడిగి సగం చాప కోసుకుపోయి ఆ అరమీద పరిచింది. మొన్నటి చలికాలం మొదట్లో ఆ ఓవెన్ చెడిపోతే కొత్తది తెప్పించారు. పాతదాన్ని సామాన్ల గదిలో పడేశారు, దాని కడుపులో చాపతో సహా. కొత్తదానిలో అరలు తిన్నగా ఉన్నాయి కాబట్టి చాప సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గది గురించి చెప్పేటప్పుడు నేల ఉందని ఎవరు చెబుతారు? నిచ్చెనకు పాత ఓవెన్ వాసన పడదు. అతను మొదట్నుంచీ పై అంతస్తులోని ఓవెన్లోనే ఎండబెట్టుకునేవాడు.

"బావా, ఆ పళ్ళెం తోమకండి" అంది పొడమ్మ.

"ఈ మాట మీ అక్క ఒక్కసారైనా అన్నదా" అంటూ ఆయన సంతోషంగా చేతులు తుడుచుకున్నాడు.

మరునాడు ఆమె సామాన్ల గదిలోంచి చాప తెచ్చి కొత్త ఓవెన్లో పరిచింది. రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాన్లో తోకగాడితో చేసిన పొడి. రెండోదాన్లో తోకల్లేని మామూలు పొడి, ఏ విద్యార్థి అయినా మొదటివారంలో చేసేది. ఆ రెండింటికీ జంటగా ఇంకో రెండు గిన్నెలు, చాప లేకుండా, పై అంతస్తులో. పొద్దున్నే వచ్చి నాలుగింటిమీదా చుక్కలు వేసింది. చాపతో ఎండిన రెండింటిమీదా చుక్క నిలబడింది. చాప లేని రెండూ తాగేశాయి.

వేడికి చాపలోంచి కంటికి కనబడని సిలికాన్ ఆవిరి లేచి, పొడి రేణువులకు పలచగా పూతపూసింది. గూళ్ళ గుమ్మాలు మూసుకుపోలేదు. గుమ్మానికి నీళ్ళు గిట్టని రంగు వేసినట్టయింది, అంతే. ఇన్నాళ్ళూ ఆ పని చేసింది చాప. తోకగాడు కాదు.

పొడమ్మ స్టూలుమీద కూర్చుండిపోయింది. ఒకపక్క అక్క దగ్గుకు మందు దొరికింది. ఇంకోపక్క తను పెంచుకున్నది కాస్తా ఉత్తదేనని తేలింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది, తడిగుడ్డతో గొంతు కోసేంత మెత్తగా. చాపను ఓవెన్లో ఉంచేస్తే చాలు. పొడి కుదురుతుంది, అక్క షాపు నిలుస్తుంది, తోకగాడి పేరూ నిలుస్తుంది. ఇంకో వారంలో ప్రయోగశాల పెద్దావిడ పెద్ద సభలో తోకగాడి గురించే మాట్లాడబోతోంది. ఎవరికీ నష్టం లేదు. చాప నేలలాంటిది. నేల గురించి ఎవరూ అడగరు.

కాఫీ చల్లారేదాకా ఆ ఆలోచనను అటూ ఇటూ తిప్పి చూసింది. చాప పాతదై ఆవిరి తగ్గిననాడు పొడి మళ్ళీ తడుస్తుంది. అది వానల మధ్యలో జరిగితే, పెట్టె పక్కన కూర్చుని పీల్చేది అక్క. ఎందుకు పనిచేస్తుందో పైకి చెప్పలేని పొడిని అక్క ముక్కు దగ్గర ఎలా పెట్టడం? అసలు ఆ పూత నిలుస్తుందో, ఊడి గాల్లోకి వస్తుందో కూడా కొలవాలి. దొంగచాటుగా కొలిస్తే సాయం ఎవరు చేస్తారు?

ఆమె పెద్దావిడ గది తలుపు తట్టింది. పెద్దావిడ తక్కువ మాట్లాడే మనిషి. నాలుగు గిన్నెలూ, చాపా బల్లమీద పెట్టి పొడమ్మ అంతా చెప్పింది. పెద్దావిడ నాలుగింటిమీదా తనే చుక్కలు వేసి చూసింది. చాప అంచు పట్టుకుని వంచి చూసింది.

"నా ప్రసంగంలో సగం పోయింది" అంది.

"అవును మేడమ్."

"ఇది ఎక్కడ కొన్నారు?"

"మా అక్కది. బిస్కట్లకు వాడుకుంటుంది."

"ఇంకో సగం ఉందా ఆవిడ దగ్గర?"

"ఉంది."

"అది మాత్రం అడక్కండి. బిస్కట్లు మానెయ్యక్కర్లేదు. మనకు కొత్తవి తెప్పిద్దాం. ఎంత వేడికి ఎంత ఆవిరి వస్తుందో, పూత ఎన్నాళ్ళు ఆగుతుందో మీరూ నిచ్చెనా కలిసి చూడండి." పొడమ్మ తలుపుదాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది. "కాస్త కూర్చుని వెళ్ళండి. ఏళ్ళు పెట్టారు కదా దానిమీద."

నిచ్చెన విషయం విని చాలాసేపు నవ్వాడు. తరువాత లెంపలు వేసుకుని, "ముక్కు మూసుకుని పాత ఓవెన్ వాడుంటే నాకూ హస్తవాసి ఉండేదే" అని వాపోయాడు. పూత ఊడటం లేదని తేలేదాకా ఇద్దరూ తలో ఓవెన్ దగ్గర కాపలా కాశారు.

వానలకు ముందే కొత్త పొడి పెట్టెలోకి చేరింది. బావ ఫ్యాను బిగిస్తుంటే పొడమ్మ అక్కకు జరిగిందంతా చెప్పింది. అక్క విని, చేతిలోని పాలిష్ గుడ్డ పక్కన పెట్టింది.

"అంటే ఏంటే, నువ్వు పెళ్ళి కూడా వాయిదా వేసుకుని చేసిందంతా నా బిస్కట్ల చాపలో ఉందా?"

"పైపూత దానిది అక్కా."

"మరి లోపల గదులో?"

"అవి నేను కట్టినవే."

"అయితే కుర్చీ నీది, పాలిష్ చాపది. దానికంత మొహం వేలాడేసుకోవడం ఎందుకు?" అంది అక్క. గుడ్డ మళ్ళీ అందుకుని, "ఆ తోకలవాడు పాపం, వాణ్ణి మాత్రం పారెయ్యకు. దేనికో ఒకదానికి పనికొస్తాడు" అంది. చెల్లెలి చెవి వెనక అంటిన పొడిని పాలిష్ మరకల వేలితో తుడిచింది. అక్కడ ఇప్పుడు గోధుమరంగు మరక పడింది. ఇద్దరూ చూసుకోలేదు. బావ చూసి, నవ్వుకుంటూ ఫ్యాను మర బిగించాడు.

ఫ్యాను తిరిగింది. బయట కాలువమీద తొలి వాన పడుతోంది. అక్క ఊగుడు కుర్చీని నిలబెట్టి, కిటికీలు మూసి, గుడ్డను పాలిష్‌లో ముంచింది. ఆ సాయంత్రమంతా పొడమ్మ మెట్లమీద కూర్చుని చెవులు రిక్కించి వింది. గుడ్డ చెక్కమీద తిరిగే చప్పుడు, ఫ్యాను చప్పుడు. మూడో చప్పుడు రాలేదు.

తోకగాడు ఇప్పుడు ఒక చిన్న సీసాలో, కిటికీలో బిళ్ళ పక్కనే ఉన్నాడు. దేనికి పనికొస్తాడో ఇంకా తెలియలేదు. అక్క షాపు నడుస్తోంది. ఏటా వానలకు ముందు పెట్టెలో పొడి పొడమ్మే మారుస్తుంది.